చిన్నప్పటి భయానికీ ఇప్పటి బీపీకీ సంబంధం ఉంటుందా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. నాన్న తాగొచ్చి అమ్మను కొట్టేవాడు. గేటు చప్పుడైతే చాలు, నేనూ తమ్ముడూ మంచం కిందకి దూరేవాళ్లం. ఇప్పుడు నాకు బీపీ, నిద్ర పట్టదు. పక్కింట్లో ఎవరైనా గట్టిగా అరిచినా గుండె దడ. ఇది వయసు వల్లా, అప్పటి టెన్షన్ వల్లా?

జవాబు 1: సంబంధం ఉండొచ్చండి. అమెరికాలోని శాన్ డియేగోలో ఫెలిటి, ఆండా అనే డాక్టర్లు వేలమందిని అడిగి 1998లో ఫలితాలు ప్రచురించారు. చిన్నప్పుడు దెబ్బలు, ఇంట్లో తాగుడు, తల్లిపై హింస లాంటివి నాలుగు రకాలో అంతకు మించో ఎదుర్కొన్నవాళ్లలో డిప్రెషన్, గుండెజబ్బు, సిగరెట్ అలవాటు ఎక్కువగా కనిపించాయి. రోజూ భయంతో పెరిగే పిల్లల్లో కార్టిసాల్ లాంటి స్ట్రెస్ హార్మోన్ల తీరు మారిపోవచ్చు. అయితే ఇది జాతకం కాదు, అందరికీ జబ్బులు రావు.

జవాబు 2: మాదీ అలాంటి ఇల్లే అక్కా. నన్ను అమ్మమ్మ తీసుకెళ్లి పెంచింది. నమ్మకంగా ఒక్క పెద్దమనిషి తోడున్నా పిల్లలకు చాలా మేలని నేను గట్టిగా చెప్తాను. బీపీ మాత్ర మాత్రం మానొద్దు. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ప్రశ్న అడిగినవారు: ఇన్నేళ్లలో ఏ డాక్టరూ చిన్నతనం గురించి అడగలేదు. ఈసారి నేనే చెప్తాను. తమ్ముడికీ నంబరు పంపాను.