‘ఒక మాదిరిగా ఉండాది’ అంటే ఏమని?

ప్రశ్న: మాది గుంటూరు. తిరుపతిలో ఎనస్థీషియా పీజీ చేస్తున్నాను. నడుముకు మత్తు సూది వేశాక ‘ఎలా ఉంది తాతా’ అంటే ఇక్కడి పెద్దవాళ్లు ‘ఒక మాదిరిగా ఉండాది సామీ’ అంటారు. మా వైపు ఒక మాదిరి అంటే మధ్యరకం, ఫరవాలేదని. ఇక్కడ అదేనా?

పుత్తూరు నుంచి: కాదండీ. తోతాపురి ధర ఒక మాదిరిగా ఉండాది అంటే మాకూ మధ్యరకమే. ఒంటి గురించి అంటే మాత్రం బాగలేదనే అర్థం. ఇదీ అని చెప్పలేని అవస్థ, మీరు ‘అదోలా ఉంది’ అంటారే, అది. పక్కనే తమిళం, ‘ఒరు మాదిరి ఇరుక్కు’ అన్నా ఇదే.

చిత్తూరు నుంచి, మత్తు డాక్టరుగా చెబుతున్నా: ఆ మాట చెవిన పడగానే మానిటర్ చూడమ్మా. స్పైనల్‌తో, అంటే నడుముకు వేసే ఆ మత్తు సూదితో, కాళ్లు మొద్దుబారడమే కాదు, రక్తనాళాలను బిగించి ఉంచే నరాలూ పని ఆపేస్తాయి. నాళాలు వదులై రక్తం కాళ్లలో నిలిచిపోతుంది, గుండెకు తిరిగొచ్చేది తగ్గుతుంది. వయసులో ఉన్నవాళ్లు దాన్ని సర్దుకుంటారు, డెబ్బై దాటినవాళ్లలో ఆ శక్తి తక్కువ. కడుపులో తిప్పడం చాలాసార్లు బీపీ పడిపోతోందనడానికి తొలి గుర్తు. పై అంకె 110 ఉంది కదా అని ఊరుకోవద్దు, రోజూ 160 ఉండే మనిషికి అది 30 శాతానికి పైగా పడిపోయినట్టే.

బీపీ పడిందని సెలైన్ బాటిల్ మీద బాటిల్ ఎక్కించడం నాకు నచ్చని అలవాటు. మత్తు దిగి నాళాలు మళ్లీ బిగిసినప్పుడు ఆ నీళ్లన్నీ ముసలి గుండె మీద పడతాయి. సూదిలో వేసే మత్తుమందు బుపివకైన్ మోతాదు ముందే తగ్గించుకోవాలి. బీపీ పెంచడానికి, నాడి వేగంగా ఉంటే ఫినైలెఫ్రిన్, నెమ్మదిగా ఉంటే ఎఫెడ్రిన్ లేదా మెఫెన్‌టెర్మిన్. కాళ్లు ఎత్తించు, బల్ల మాత్రం తలవైపు వంచొద్దు. హెవీ మందు (వెన్నులోని నీటికన్నా బరువైన మత్తుమందు) అప్పుడే వేసి ఉంటే పైకి పాకుతుంది.

ప్రశ్న వేసినవారు: అయితే ‘ఎట్లుండాది’ అని అడిగితే చాలా సార్?

చిత్తూరు నుంచి: చాలదు. ‘బాగుండాను సామీ’ అనేస్తారు, డాక్టరు ముందు మొహమాటం. ‘కడుపులో తిప్పతా ఉండాదా, కండ్లు తిరగతా ఉండాయా’ అని విడివిడిగా అడుగు. వాళ్ల జవాబు ఏదైనా మొదటి పది పదిహేను నిమిషాలూ బీపీ నిమిషానికోసారి చూస్తూనే ఉండు.

మదనపల్లె నుంచి: మా ఇంట్లో ‘ఒక రకంగా ఉండాది’ అంటారు. అదీ రాసుకోండి మేడం.