కస్టమర్ కేర్‌ను చాట్‌బాట్ చెడగొట్టిందా, అది ముందే చెడిందా?

బందరు లడ్డు:
పోయిన సోమవారం మా అమ్మ ఏటీఎంలో 10,000 తీయబోయింది. ఖాతాలో కట్ అయ్యాయి, మిషన్‌లోంచి నోట్లు మాత్రం రాలేదు. బ్యాంకు యాప్‌లో చాట్ తెరిచి "డబ్బులు రాలేదు" అని రాశాను. అక్కడ జవాబిచ్చేది మనిషి కాదు, చాట్‌బాట్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్. అది బ్యాలెన్స్ చూపించింది. "ఏటీఎంలో డబ్బు రాలేదు, ఖాతాలో కట్ అయింది" అని విడమరిచి రాస్తే, దగ్గర్లో ఉన్న ఏటీఎంల జాబితా ఇచ్చింది! నాకు నవ్వొచ్చింది, అమ్మకు రాలేదు. ఫోన్ చేస్తే 1 నొక్కండి, 2 నొక్కండి, తిరిగి తిరిగి మళ్లీ మొదటికే. పదేళ్ల కిందట ఇదే బ్యాంకుకు ఫోన్ చేస్తే ఎవరో ఒకరు ఎత్తి "చెప్పండమ్మా" అనేవారు. చాట్‌బాట్‌లు వచ్చాకే సేవ నాశనమైందని నా అభిప్రాయం. కాదనేవాళ్లు చెప్పండి.

మాజీ హెడ్‌సెట్:
ఆ "చెప్పండమ్మా" అన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. హైదరాబాద్‌లో కాల్ సెంటర్‌లో నాలుగేళ్లు చేశాను. ఆ రోజులు మీరనుకున్నంత బంగారమేమీ కాదండీ. కాల్ ఇన్ని నిమిషాల్లో ముగించాలని టార్గెట్. చాట్‌లో కూర్చోబెడితే ఒకేసారి ముగ్గురితో మాట్లాడాలి, పండగ సీజన్‌లో నలుగురితో. స్క్రిప్టు దాటి ఒక్క మాట అన్నా మా మాటలు తనిఖీ చేసే క్వాలిటీ వాళ్లు మార్కులు కోసేవారు. డబ్బు వెనక్కి వేసే అధికారం నాకు ఏనాడూ లేదు. "పై టీమ్‌కు పంపించాను, 48 గంటలు వేచి ఉండండి" అనడమే నా ఉద్యోగం. ఇప్పుడు బాట్ రాసేది చదువుతుంటే నా స్క్రిప్టే దానికి ఇచ్చారేమో అనిపిస్తుంది, ఆ క్షమాపణ వాక్యంతో సహా.

నెల్లూరు చేపలపులుసు:
అధికారం లేకపోవచ్చు, కానీ డబ్బు రాలేదంటే మీరు ఏటీఎంల జాబితా చదివేవారు కాదు కదా? తేడా అక్కడే ఉంది. ఇది మనమొక్కరమే అంటున్నది కాదు. స్వీడన్ చెల్లింపుల కంపెనీ క్లార్నా తన ఏఐ చాట్‌బాట్ మొదటి నెలలోనే 23 లక్షల చాట్‌లు చూసిందనీ, 700 మంది చేసే పని చేస్తోందనీ 2024లో గొప్పగా ప్రకటించుకుంది. 2025 వచ్చేసరికి ఖర్చు మీదే దృష్టి పెట్టడంతో నాణ్యత తగ్గిందని దాని సీఈఓయే ఒప్పుకుని, మళ్లీ మనుషులను తీసుకోవడం మొదలుపెట్టారు.

గోదారి గట్టు:
నేను మాత్రం బాట్ వైపే. 2025 జనవరి 30న ఏపీ ప్రభుత్వ 'మన మిత్ర' వాట్సాప్ బాట్ 161 సేవలతో మొదలైంది. మా తమ్ముడు ఇంటర్ హాల్ టికెట్ అందులోనే దించుకున్నాడు. అంతకుముందు ఫీజు బాకీ ఉందని కాలేజీలో వాడి హాల్ టికెట్ ఆపి, నాన్నను రెండుసార్లు తిప్పించారు. ఆపింది మనిషే, ఇచ్చింది బాటే!

నెల్లూరు చేపలపులుసు:
బాగుంది. అదే హాల్ టికెట్‌లో పేరు తప్పు పడితే? అప్పుడు ఎవరి దగ్గరకు వెళ్తారు?

గోదారి గట్టు:
కాలేజీకే వెళ్లాలి, ఒప్పుకుంటాను. కానీ తప్పు పడేది ఏ కొందరికో. మిగతా అందరినీ ఎందుకు తిప్పించడం?

టొరంటో తెలుగు:
ఇంకో కోణం. ఇక్కడ కెనడాలో బామ్మ పోయిందని విమానం ఎక్కాల్సి వచ్చిన ఒకతనికి, ఆప్తులు పోయినవారికిచ్చే రాయితీని టికెట్ కొన్నాక 90 రోజుల్లోపు అడగొచ్చని ఎయిర్ కెనడా చాట్‌బాట్ చెప్పింది. కంపెనీ అసలు రూలు అది కాదు. గొడవ బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునల్‌కు వెళ్తే, బాట్ మాటలకు బాటే బాధ్యత అన్నట్టు కంపెనీ వాదించింది. 2024 ఫిబ్రవరిలో ఆ వాదన కొట్టేసి సుమారు 812 డాలర్లు కట్టమన్నారు. అతని చేతిలో చాట్ స్క్రీన్‌షాట్ ఉంది. ఫోన్‌లో ఎవరో నోటితో అన్న మాటైతే ఏం చూపించేవాడు? కాబట్టి బందరు లడ్డు గారూ, ఆ ఏటీఎంల జాబితా కూడా స్క్రీన్‌షాట్ తీసి దాచండి.

మాజీ హెడ్‌సెట్:
దాచడమే కాదు, రోజులు లెక్కపెట్టండి. 2019 సెప్టెంబర్ 20 నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం ఏటీఎంలో నోట్లు రాకుండా కట్ అయిన డబ్బు ఐదు రోజుల్లో వెనక్కి వేయాలి. దాటితే రోజుకు 100 చొప్పున పరిహారం, అదీ మీరు అడగకుండానే. రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజులైనా తేలకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు. ఈ రూలు మాకు శిక్షణలో చెప్పారు. కస్టమర్ అడిగితే తప్ప మీరు ఎత్తొద్దని కూడా చెప్పారు. అందుకే అంటున్నాను, బాట్‌ను తిట్టి లాభం లేదు.

బందరు లడ్డు:
అప్‌డేట్. ఎనిమిదో రోజున 10,000 పడ్డాయి. బ్రాంచ్‌కు వెళ్లి కాగితం రాసిచ్చాకే, అక్కడి క్లర్కు అమ్మను కూర్చోబెట్టి తనే నింపి పెట్టారు. సర్క్యులర్ లెక్కన మూడు రోజుల పరిహారం 300 రావాలి, రాలేదు. బాట్‌నే అడుగుదామని "నాకు రావాల్సిన 300 ఏవి?" అని రాశాను.

"300 రూపాయలకు మొబైల్ రీఛార్జ్ చేయమంటారా?" అంది. స్క్రీన్‌షాట్ తీశాను.