షెడ్డు కట్టి మూడేళ్ళు, కాక్టస్‌కి ఒక్క పువ్వూ లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

గుంటూరు మేడతోట:
నమస్కారం అండీ. రిటైరయ్యాక మేడ మీద 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పున పాలిథిన్ షెడ్డు వేయించాను. 200 మైక్రాన్ల షీటు, చుట్టూ నేల దాకా. లోపల నలభై కుండీలు: మామిల్లేరియాలు, జిమ్నోకాలిసియంలు, రెండు రెబూషియాలు, ఒక గోల్డెన్ బ్యారెల్. కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొట్టు) పెట్టాను. రోజు విడిచి రోజు నీళ్ళు, నెలకోసారి వర్మీకంపోస్టు, చలికాలంలో పరదాలన్నీ దించేసి వెచ్చగా ఉంచుతాను. మొక్కలు నిగనిగలాడుతూ పొడుగ్గా సాగుతున్నాయి గానీ మొగ్గన్నది లేదు.

నిజానికి కొన్నప్పుడు ఒకదాని నెత్తిన గులాబీ రంగు పువ్వు ఉండేది. నాలుగు నెలలైనా వాడకపోతే మురిసిపోయాను. మా మనవరాలు గిల్లితే ఊడొచ్చింది, అడుగున జిగురు! ఎండుపువ్వుకి రంగేసి అంటించారు. ఏ నర్సరీయో చెప్పను గానీ, మా ఆవిడ ఇప్పటికీ ఆ మాటెత్తి నవ్వుతుంది.

ముళ్ళపిచ్చి (మదనపల్లె):
సార్, ఆ జిగురు పువ్వు నేనూ కొన్నాను, మీరేం దిగులుపడకండి.

మీరు చలిదేశాలవాళ్ళ వీడియోలు చూసి షెడ్డు కట్టినట్టున్నారు. వాళ్ళకి గాజిల్లు మంచు నుంచి కాపాడడానికి. మనకి షెడ్డంటే వానకి గొడుగు, అంతే. పైకప్పు ఉంచి నాలుగు పక్కలా విప్పేయండి. మే నెలలో మూసిన పాలిథిన్ కింద వేర్లు ఉడికిపోతాయి, అప్పుడు పైన 50 శాతం షేడ్‌నెట్ వేయండి.

ఇక పువ్వు సంగతి. వీటికి చలికాలం నిద్ర కావాలి. నేను నవంబరు మధ్యలో నీళ్ళు ఆపేస్తాను, ఫిబ్రవరి చివర్లో మళ్ళీ మొదలు. గుంటూరు చలి అంతంతమాత్రమే కాబట్టి చిన్న కుండీలకి మూడు వారాలకోసారి గరిటెడు పోయండి. మొక్క కుంగి, ముడతలు పడి, పాత బంతిలా అవుతుంది. అప్పుడే చేతులు దురదపెట్టి చెంబు పట్టుకుంటాం, పట్టుకోవద్దు. మీరు వెచ్చగా ఉంచి నీళ్ళు పోస్తుంటే అది నిద్రపోయేదెప్పుడు?

పొడుగ్గా సాగడమంటే వెలుతురు చాలక, నత్రజని ఎక్కువై. షీటు మీద దుమ్ము కడగండి. కోకోపీట్ తీసేసి ముతక ఇసుక, ఇటుక ముక్కలు, కాస్త మట్టి. వర్మీకంపోస్టు బదులు వేసవి ముందు నత్రజని లేని 0-52-34 ఎరువు, లీటరు నీటికి గ్రాము. ఒక్కసారిగా ఎండలోకి తేకండి, తోలు కాలి గోధుమరంగు మచ్చలు పడతాయి, ఆ మచ్చ ఇక పోదు.

గోల్డెన్ బ్యారెల్ మీద ఆశ పెట్టుకోకండి. కుండ అంత లావయ్యేదాకా పూయదు, దానికి పదిహేనేళ్ళు దాటచ్చు. రెబూషియాలు ఆండీస్ కొండలవి, గట్టి చలి తగలాలి. జిమ్నోకాలిసియం మాత్రం నిమ్మకాయంత ఉన్నా పూస్తుంది.

విశాఖ వసంత:
మట్టి మార్చేటప్పుడు వేర్లు కూడా చూడండి అండీ. తెల్లగా పిండి చల్లినట్టుంటే పిండినల్లి పురుగు పట్టినట్టే. నావి రెండు అలానే పోయాయి. వేర్లు కడిగి, పాత మట్టి పారేసి, వారం ఆరబెట్టి నాటండి.

మా అత్తయ్యగారు ఏ గొడవా లేకుండా బ్రహ్మకమలం పూయిస్తారు. అదీ కాక్టసే అంటే ఆవిడ నమ్మరు. రాత్రి తొమ్మిదికి విచ్చుకుంటుంది, తెల్లారేసరికి వేలాడిపోతుంది. అది మాత్రం అడవిలో చెట్ల మీద పెరిగేది, ఇంతలా ఎండగట్టకండి.

గుంటూరు మేడతోట (మార్చి):
ముళ్ళపిచ్చి గారూ, పక్కలు విప్పేశాను. ఆరింటికి పిండినల్లి దొరికింది. జనవరిలో ఎండిపోతున్నాయని మా ఆవిడ దొంగచాటుగా రెండు కుండీలకి నీళ్ళు పోసింది, ఆ రెండూ మొండిగానే ఉన్నాయి. మిగతావాటిలో మామిల్లేరియా ఒకదానికి నెత్తి చుట్టూ ఎర్రటి చుక్కలు, లెక్కపెడితే పదకొండు. జిమ్నోకాలిసియంలు నాలుగు మొగ్గ తొడిగాయి, అందులో ఒకటి నిన్న మధ్యాహ్నం విచ్చుకుంది. లేత గులాబీ, మెడ దగ్గర ఆకుపచ్చ పొలుసులు.

రెబూషియాలు కదల్లేదు. చలి ఎక్కువుండే మదనపల్లె వైపు నుంచి ఎవరైనా వస్తే ఇచ్చేస్తాను.