లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్ మేనేజర్ ఆర్నె స్లాట్‌కి ఇంకెంత టైమ్ ఇద్దాం? 'లివర్‌పూల్‌లో మేనేజర్ మారినా ఇల్లు మారదు' అనేది ఇప్పటికీ నిజమేనా?

అర్ధరాత్రి ఎరుపు (27 నవంబర్ 2025)

నిన్న నెదర్లాండ్స్ క్లబ్ పీఎస్‌వీతో మ్యాచ్ చివరి విజిల్ దాకా చూసిన పిచ్చోళ్ళలో నేనొకణ్ణి. మూడో గోల్ ఇంకా కళ్ళ ముందు నుంచి పోవట్లేదు. మన డిఫెండర్ కొనాటే బంతిని అవతలకి తన్నబోయాడు, కాలికి అందలేదు. వాళ్ళ పెపీ కొట్టిన షాట్ పోస్ట్‌కి తగిలి వెనక్కొచ్చింది, ఇంకొకడు వచ్చి తాపీగా లోపలికి నెట్టాడు. ఆ తర్వాత నాలుగోది కూడా పడింది. 4-1తో ఓటమి, అదీ మన సొంత గ్రౌండ్ ఆన్‌ఫీల్డ్‌లో.

శనివారం ఇదే గ్రౌండ్‌లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ చేతిలో 3-0. దానికి ముందు మాంచెస్టర్ సిటీ చేతిలో 3-0. వరసగా మూడు మ్యాచ్‌లు మూడేసి గోల్స్ తేడాతో ఓడిపోవడం 1953 తర్వాత ఇదే మొదటిసారట. గత 12 మ్యాచ్‌ల్లో 9 పోయాయి. లీగ్‌లో 12 ఆడితే 6 గెలుపులు, 6 ఓటములు, మందుకి కూడా ఒక్క డ్రా లేదు. మధ్యలో రియల్ మాడ్రిడ్‌ని 1-0తో కొట్టారు. అదెలా జరిగిందో వాళ్ళకీ తెలియదనుకుంటా.

ఏడు నెలలే కదా అయింది! ఏప్రిల్ 27న టోటెన్‌హామ్‌ని 5-1తో చితక్కొట్టి, ఇంకా నాలుగు మ్యాచ్‌లు మిగిలుండగానే 20వ లీగ్ టైటిల్ పట్టుకున్నాం.

నేను ఈ క్లబ్‌ని 2019 నుంచే చూస్తున్నాను, అంటే నాకు తెలిసిన లివర్‌పూల్ స్లాట్‌కి ముందున్న మేనేజర్ క్లాప్ లివర్‌పూలే. పాతవాళ్ళు మాత్రం ఎప్పుడూ షాంక్లీ తర్వాత పేస్లీ, పేస్లీ తర్వాత ఫేగన్, ఫేగన్ తర్వాత డాల్గ్లీష్ అంటూ మేనేజర్ల వంశవృక్షం చదువుతుంటారు. అది నిజంగా ఒక పద్ధతా, లేక గెలిచాక అల్లుకున్న కథా? స్లాట్‌ని ఆ వరసలో కూర్చోబెట్టొచ్చా? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి. తిట్లు తర్వాత తిట్టుకుందాం.

బెంచి మీద పన్నెండోవాడు

తిట్లు తర్వాత ఎందుకు, ఇప్పుడే కానిద్దాం. ఒక్క వేసవిలో 40 కోట్ల పౌండ్లకు పైగా ఖర్చుపెట్టారు. స్ట్రైకర్ ఇసాక్ ఒక్కడికే 12.5 కోట్లు, బ్రిటన్‌లోనే రికార్డు. ఇంతా చేసి లీగ్‌లో అతని గోల్స్ ఇప్పటిదాకా సున్నా. సెంటర్ బ్యాక్ (మధ్యలో ఆడే డిఫెండర్) కావాలని జూన్ నుంచి అందరం అరుస్తుంటే, గేహీని చివరి రోజు దాకా నాన్చి చేజార్చుకున్నారు. వచ్చిన లియోనీ కుర్రాడికి మొదటి మ్యాచ్‌లోనే మోకాలు పోయింది. స్లాట్ మొదటి ఏడాది క్లాప్ వడ్డించిన విస్తరి ముందు కూర్చుని తిన్నాడు. ఇప్పుడు తనే వండుకోమంటే గిన్నె మాడింది. స్లాట్ వెళ్ళాలి, నా మాట ఇంతే.

మెల్‌వుడ్ మాస్టారు

తమ్ముడూ, పద్ధతా, కథా అంటే రెండూనూ.

నేను ఈ ఊళ్ళో పదకొండేళ్ళుగా ఉంటున్నాను. స్టేడియం చుట్టూ ఒక రౌండు వేస్తే రెండు విగ్రహాలు కనిపిస్తాయి. వీరాభిమానుల కాప్ స్టాండ్ వైపు షాంక్లీ. మెడలో స్కార్ఫ్, రెండు చేతులూ చాచి జనం కేసి చూస్తుంటాడు. కింద రాతి మీద, ఆయన జనాన్ని సంతోషపెట్టాడు అని అర్థం వచ్చే ఒక్క వాక్యం. అక్కణ్ణుంచి మెయిన్ స్టాండ్ వైపు వస్తే పేస్లీ. మూడు యూరోపియన్ కప్పులు గెలిచిన మనిషి, కానీ విగ్రహం చేతిలో కప్పు లేదు. దెబ్బ తగిలిన ఎమ్లిన్ హ్యూస్‌ని వీపున మోసుకుంటూ వస్తుంటాడు. 1968లో టోటెన్‌హామ్‌తో మ్యాచ్‌లో తీసిన ఫోటో అది. అప్పటికాయన మేనేజర్ కాదు, ట్రెయినర్. ఎవరి మోకాలు ఎప్పుడు వాస్తుందో చూసుకోవడం ఆయన పని. మొదటిసారి చూసినప్పుడు ఇదేం బొమ్మ అనుకున్నాను. ఇప్పుడు ఎవరైనా చుట్టాలొస్తే ముందు అక్కడికే తీసుకెళ్తాను.

ఇక వంశవృక్షం. 1959 డిసెంబర్‌లో షాంక్లీ వచ్చేనాటికి క్లబ్ రెండో డివిజన్‌లో ఉంది. నువ్వు 1953 అన్నావే, ఆ సీజన్‌లోనే కిందికి పడిపోయింది. షాంక్లీ వచ్చీరాగానే పాత కోచ్‌లని పంపించి తన మనుషుల్ని తెచ్చుకోలేదు. పేస్లీ, ఫేగన్, రూబెన్ బెనెట్ అప్పటికే అక్కడున్నవాళ్ళు. వాళ్ళనే ఉంచుకున్నాడు. అసలు కథ ఇక్కడే మొదలైంది.

బూట్లు దాచుకునే ఒక చిన్న గది ఉండేది, 'బూట్ రూమ్' అనేవాళ్ళు. మ్యాచ్ అయ్యాక అందులో బీరు క్రేట్లు బోర్లించుకుని కూర్చునేవాళ్ళు. ఓడిపోయిన టీమ్ మేనేజర్‌ని కూడా లోపలికి పిలిచి ఒక గ్లాసు చేతిలో పెట్టేవాళ్ళు. మర్యాదకి మర్యాద, పనిలో పనిగా అవతలివాళ్ళ కబుర్లు కూడా బయటికొచ్చేవి. ఏ రోజు ఏం ప్రాక్టీస్ చేశారు, ఎవరికి ఎక్కడ నొప్పి, అన్నీ పుస్తకాల్లో రాసిపెట్టేవాళ్ళు. మార్చిలో ఎవరికైనా కండరం పట్టేస్తే, పాత ఏళ్ళలో ఇదే వారం ఏం చేశామో తిరగేసి చూసుకునేవాళ్ళు. మేనేజర్ వెళ్ళిపోయినా ఆ పుస్తకాలు వెళ్ళవు, పక్క క్రేటు మీది మనిషీ వెళ్ళడు. అదే అసలు వారసత్వం. పైకి కనిపించే పేర్లు తర్వాత.

1974 జులైలో షాంక్లీ ఉన్నట్టుండి తప్పుకున్నప్పుడు పేస్లీ ఆ కుర్చీ వద్దన్నాడు. బతిమాలి కూర్చోబెట్టారు. మొదటి సీజన్‌లో ఏం గెలిచాడు? పెద్ద కప్పు ఒక్కటీ లేదు. డర్బీ టైటిల్ తీసుకుపోయింది, మనం రెండో స్థానం. పైగా షాంక్లీ ఇంట్లో కూర్చోలేక మెల్‌వుడ్ ప్రాక్టీస్ గ్రౌండ్‌కి వచ్చేవాడు. ఆటగాళ్ళు అలవాటు కొద్దీ ఆయన్నే 'బాస్' అనేవాళ్ళు, కొత్త బాస్ పక్కనే ఉండగా. ఎంత ఇబ్బందో ఊహించుకో. చివరికి ఇక రావద్దన్న సంగతి ఆయనకి అర్థమయ్యేలా చేయాల్సి వచ్చింది, అది ఈ క్లబ్ చరిత్రలో నాకు మనసు కలుక్కుమనే ఘట్టం. అయినా పేస్లీ మొత్తం తొమ్మిది సీజన్లలో ఆరు లీగులు గెలిచాడు. ఫేగన్ మొదటి ఏడాదే లీగ్, లీగ్ కప్, యూరోపియన్ కప్ మూడూ తెచ్చాడు. 1985లో డాల్గ్లీష్ ఆడుతూనే మేనేజర్ అయ్యాడు, పక్కన సలహాదారుగా పేస్లీని పెట్టారు. ఆ సీజన్‌లోనే లీగ్, ఎఫ్ఏ కప్ రెండూ వచ్చాయి.

ఇక కథ అన్నానే, ఆ సగం ఇది. డాల్గ్లీష్ తర్వాత మేనేజరైన సూనెస్ కూడా ఇంటివాడే. రాయ్ ఎవాన్స్ అయితే ఆ బూట్ రూమ్‌లోనే పెరిగినవాడు. మేనేజర్లుగా ఇద్దరికీ లీగ్ రాలేదు. 1993లో ఆ గదినే పడగొట్టి ప్రెస్ వాళ్ళకి గది కట్టారు. కాబట్టి 'ఇంటివాణ్ణి పెడితే గెలుస్తాం' అనేది ఒట్టి భ్రమ.

స్లాట్ సంగతికొస్తే, క్లాప్‌తో పాటే అతని సహాయకులు లైండర్స్, క్రావియెట్జ్, గోల్‌కీపింగ్ కోచ్ ఆఖ్టర్‌బర్గ్ అందరూ వెళ్ళిపోయారు. క్రేటు మీద ఎవరూ మిగల్లేదు. అయినా గెలిచాడు, ఎందుకంటే ఆటగాళ్ళు మిగిలారు. మొదటి వేసవిలో వచ్చి చేరినవాడు కియేసా ఒక్కడే. నా లెక్కలో నిరుడు ఆ పుస్తకం సలా, వాన్ డైక్, ట్రెంట్, రాబర్ట్‌సన్ బుర్రల్లో ఉంది. ఈ వేసవిలో అందులో సగం పేజీలు చిరిగిపోయాయి. ట్రెంట్ మాడ్రిడ్‌కి, డియాస్ బయర్న్‌కి, నూన్యెస్ సౌదీకి వెళ్ళిపోయారు.

మన ఆటగాడు జోటా గురించి రాయబోయి మూడుసార్లు చెరిపేశాను. జులై 3న పోయాడు, తమ్ముడితో పాటు. ప్రతి మ్యాచ్‌లో 20వ నిమిషం రాగానే స్టాండ్స్‌లో అతని పాట ఎత్తుకుంటారు. ఇరవై ఎనిమిదేళ్ళవాడు, నిన్నటిదాకా పక్కన కూర్చుని బూట్లు వేసుకున్నవాడు. ఆ టీమ్‌ని ఫామ్ ఎందుకు పోయింది అని అడగడానికి నాకు నోరు రాదు. ఇదొక సాకు అనేవాళ్ళతో నేను వాదించను.

పన్నెండోవాడా, నీకో తేదీ ఇస్తాను: 1981 డిసెంబర్ 26. ఆన్‌ఫీల్డ్‌లో మాంచెస్టర్ సిటీ చేతిలో 3-1తో ఓడిపోయి 12వ స్థానానికి పడిపోయాం. ఇప్పుడున్నదీ 12లోనే. అప్పుడూ కొత్తవాళ్ళే: గ్రోబెలార్, లారెన్‌సన్, పూర్తిగా కుదురుకోని రష్, వీలన్. ఆ సెప్టెంబర్‌లోనే షాంక్లీ చనిపోయాడు. పేస్లీ ఏం చేశాడు? ఫిల్ థాంప్సన్ కెప్టెన్సీ తీసేసి అప్పటికింకా ఆటగాడైన సూనెస్‌కిచ్చాడు. థాంప్సన్ ఈ ఊరి బిడ్డ, కాప్‌లో నిలబడి పెరిగినవాడు, ఏడు నెలల క్రితం పారిస్‌లో యూరోపియన్ కప్ ఎత్తిన కెప్టెన్. ఆ సీజన్ మేలో మనమే చాంపియన్లం, 87 పాయింట్లతో.

కాబట్టి స్లాట్‌కి ఎన్నాళ్ళు ఇవ్వాలన్నది కాదు నా ప్రశ్న. ఎవరి మనసు నొప్పించడానికి సిద్ధంగా ఉన్నాడన్నది. ఎవరి గురించి అంటున్నానో మీకు తెలుసు.

ఓల్డ్ ట్రాఫర్డ్ బాధితుడు

మాంచెస్టర్ యునైటెడ్ వాణ్ణి, మీ ఇంట్లోకి తొంగిచూస్తున్నందుకు క్షమించాలి. గత నెల మీ ఇంటికొచ్చి 2-1తో గెలిచివెళ్ళాం కాబట్టి కాస్త చనువు.

మాస్టారు చెప్పిన గది సంగతి మాకు 2013లో అనుభవమే. మా మేనేజర్ ఫెర్గూసన్ వెళ్తూ వెళ్తూ తన తర్వాత మోయెస్‌ని తనే ఎంపిక చేశాడు, ఆరేళ్ళ కాంట్రాక్ట్. మోయెస్ రాగానే పాత కోచ్‌లు ఫీలన్, మ్యూలన్‌స్టీన్, స్టీల్ ముగ్గురూ బయటికి, ఎవర్టన్ నుంచి తన మనుషులు లోపలికి. ఆటగాళ్ళు మాత్రం వాళ్ళే, నిరుడు చాంపియన్లే. మీ స్లాట్ కూడా సరిగ్గా ఇదే కదా చేసింది? మీకు టైటిల్ వచ్చింది, మాకు ఏడో స్థానం. మా స్టేడియంలో స్ట్రెట్‌ఫర్డ్ ఎండ్ స్టాండ్‌లో 'ఎంపికైనవాడు' అని బ్యానర్ కట్టాం. మార్చికల్లా ఎవరో విమానం అద్దెకి తీసుకుని 'తప్పు మనిషి' అని తోకకి కట్టి స్టేడియం మీద తిప్పారు. ఏప్రిల్‌లో పంపించేశారు. అందుకని ఆ గది సిద్ధాంతం నాకు పూర్తిగా మింగుడుపడట్లేదు.

నా అనుమానం వేరే. మోయెస్ తలెత్తి చూస్తే స్టాండ్‌లో ఫెర్గూసన్ కనిపించేవాడు. అంతకుముందు 1969లో అప్పటి మా మేనేజర్ బస్బీ దిగిపోయి, మెక్‌గినెస్ అనే కుర్రాణ్ణి పెట్టి, తను జనరల్ మేనేజర్‌గా అదే బిల్డింగ్‌లో ఉండిపోయాడు. ఏడాదిన్నరకే మళ్ళీ బస్బీయే వచ్చి కూర్చోవాల్సి వచ్చింది. మీ క్లాప్ చూడండి, ఆఖరి రోజు మైకు పట్టుకుని స్లాట్ పేరుతో జనం చేత పాట పాడించి వెళ్ళిపోయాడు. అత్త లేని కోడలు ఉత్తమురాలని ఊరికే అన్నారా?

అర్ధరాత్రి ఎరుపు

మాస్టారూ, థాంప్సన్ సంగతి నాకు అసలు తెలియదు. చదివాక ఒళ్ళు జలదరించింది. మీరంటున్నది సలా గురించేనా? నిరుడు లీగ్‌లో 29 గోల్స్ వేసినవాడు, అతన్ని కూర్చోబెడితే స్టేడియం ఊరుకుంటుందా? ఇంకోటి, సీజన్ మొదట్లో ఐదుకి ఐదు గెలిచాం కదా, అప్పుడు బాగానే ఉన్నట్టా?

మెల్‌వుడ్ మాస్టారు

ఇల్లు అలకగానే పండగ కాదు. ఆ ఐదు మ్యాచ్‌లూ ఒకసారి గుర్తుచేసుకో. బోర్న్‌మత్ మీద 88వ నిమిషంలో కియేసా. న్యూకాసిల్‌లో వందో నిమిషంలో పదహారేళ్ళ న్గుమోహా. ఆర్సెనల్ మీద 83లో సొబొస్లాయ్ ఫ్రీ కిక్. బర్న్‌లీ మీద 95లో పెనాల్టీ. ఎవర్టన్ మీద ఒక్కటే చివరి నిమిషం హడావుడి లేకుండా, అందులోనూ రెండో సగమంతా బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాం. తర్వాత అదే గడియారం ఎదురు తిరిగింది. ప్యాలెస్ 97లో, చెల్సీ 95లో, మన బాధితుడిగారి మగ్వైర్ 84లో వేశారు. అంటే ఆగస్టులోనూ ఆట ఇదే, స్కోరు మాత్రం వేరు.

బాధితుడుగారూ, అత్త సామెత బావుంది, ఒప్పుకుంటాను. పేస్లీ అత్త ఉన్నా గెలిచాడనుకోండి, అది ఆయన ఓపిక.

అవును, సలాయే. కుడివైపు వెనక్కి పరిగెత్తే బాధ్యత నిరుడు మిగతావాళ్ళు పంచుకున్నారు, వెనక ట్రెంట్ ఉన్నాడు. ఇప్పుడు అక్కడ వారానికొకడు మారుతున్నాడు, అవతలి టీములన్నీ అటునుంచే వస్తున్నాయి. అతను ముసలివాడయ్యాడని నేననను. నిరుటి ఏర్పాటు ఇప్పుడు లేదు, అంతే. ఆదివారం వెస్ట్‌హామ్‌లో చూద్దాం.

బెంచి మీద పన్నెండోవాడు

చూద్దాం మాస్టారూ. కూర్చోబెట్టే దమ్ముంటే ఆ రోజు నా మాట వెనక్కి తీసుకుంటా. సగం మాత్రమే.

అర్ధరాత్రి ఎరుపు (30 నవంబర్ 2025)

లైనప్ వచ్చింది. సలా బెంచ్ మీద!!

అర్ధరాత్రి ఎరుపు

2-0. ఇసాక్ లీగ్‌లో ఖాతా తెరిచాడు, చివర్లో గాక్పో ఒకటి. సలాని చివరిదాకా దింపనేలేదు. గొప్పగా ఆడామని అనను, వాళ్ళు పది మందితో ముగించారు కూడా. కానీ గోల్ పడకుండా తొంభై నిమిషాలు గడిచాయి, నాకదే చాలు. మాస్టారూ, ఉన్నారా?

మెల్‌వుడ్ మాస్టారు

ఉన్నా. మ్యాచ్ అయ్యాక కెమెరా సలా మీదికి వెళ్ళినప్పుడు టీవీ కట్టేశాను. 1981లో థాంప్సన్ చాలాకాలం పేస్లీతో సరిగ్గా మాట్లాడలేదంటారు.

పన్నెండోవాడు ఎక్కడ?

బెంచి మీద పన్నెండోవాడు

సగం వెనక్కి తీసుకున్నా. మిగతా సగం బుధవారం మ్యాచ్ అయ్యాక.