బందరు రేవులో ఓడలు ఒడ్డుకే రాలేవు, మరి కంపెనీలన్నీ ఎందుకు దిగాయి?

ప్రశ్న (రేవుగాలి):
మచిలీపట్నం దగ్గర సముద్రం లోతు తక్కువ. పెద్ద ఓడలు దూరంగా లంగరేస్తే, సరుకు పడవల మీద ఒడ్డుకు చేర్చేవారు. అయినా డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో, ఫ్రెంచివారు 1669లో ఇక్కడికే వచ్చారు. ఎందుకు? 1864 తుపానుతోనే రేవు మూతపడిందా?

పాతలెక్కలు:
రేవును చూసి రాలేదండీ, బట్టను చూసి వచ్చారు. జావా, సుమత్రాల్లో మిరియాలు కొనాలంటే అక్కడివాళ్ళు మన అద్దకం బట్టలు అడిగేవారు. ఆ ఎండల్లో ఇంగ్లండు ఉన్ని ఎవరిక్కావాలి? పైగా గోల్కొండ రాజ్యానికి ఇదే ముఖ్యమైన రేవు. అధికారుల వేధింపులు పడలేక ఇంగ్లీషువారు 1628లో దుగరాజపట్నం పోయి, రెండేళ్ళకే తిరిగొచ్చారు. 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా బంగారు ఫర్మానా (రాజాజ్ఞ) ఇచ్చాడు: ఏడాదికి 500 వరహాలు కడితే రాజ్యంలోని రేవుల్లో వ్యాపారం చేసుకోవచ్చు.

చిరివేరు:
బట్ట అంటే ఏ బట్టైనా కాదు, ఉతికినా వెలవనిది. గుడ్డను కరక్కాయ, గేదెపాలలో నానబెట్టి ఎండబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. పాలు చాలకపోతే గీతలు చెదురుతాయి. ఇనుప ముక్కలు బెల్లం నీళ్ళలో ఊరబెడితే నలుపు. ఎరుపు కావాల్సిన చోట పటిక అద్దాలి. తర్వాత పారే నీటిలో జాడించాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు: మిగులు పటిక పోకపోతే, ఎరుపునిచ్చే చిరివేరు అనే వేరుతో ఉడికించినప్పుడు గుడ్డలో తెల్లగా ఉండాల్సిన భాగం కూడా ఎర్రబారుతుంది. ఇప్పుడు బందరు దగ్గరి పెడనలో చిరివేరు బదులు అలిజరిన్ అనే కృత్రిమ రంగు వాడతారు, పద్ధతి దాదాపు అదే.

పాతలెక్కలు:
ఆ బట్టకు భయపడే ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లో నిషేధాలు పెట్టాయి.

కోటగట్టు:
తుపాను మీద నెపం వేయకండి. 1864 నవంబరు 1న సుమారు 30,000 మంది పోయారు, నిజమే. కానీ వ్యాపారం అప్పటికే చాలావరకు జారిపోయింది. ఇంగ్లీషువారి ప్రధాన స్థావరం 1641లోనే మద్రాసుకు మారింది. 1687లో గోల్కొండ పడిపోవడంతో వెనకున్న దర్బారూ పోయింది. 1759లో ఇంగ్లీషు సేనాని ఫోర్డ్ ఫ్రెంచివారి నుంచి కోట పట్టుకునేసరికి పోరు రాజ్యం కోసమే.

రేవుగాలి:
ఇప్పుడు చూడటానికి ఏమైనా మిగిలిందా?

కోటగట్టు:
డచ్చివారి సమాధులున్నాయి, రాళ్ళ మీద చెక్కడాలు చూడండి. ఊళ్ళో పేర్లూ వినండి: వలందపాలెం (వలందాలంటే డచ్చివారే), పరాసుపేట (పరాసులంటే ఫ్రెంచివారు), ఇంగ్లీషుపాలెం.