పెరుగుదల శాతం తగ్గినా రద్దీ ఎందుకు తగ్గడం లేదు?

ప్రశ్న (కూకట్‌పల్లి నివాసి):
ప్రపంచంలో మొబైల్ డేటా వినియోగం పెరిగే వేగం ఏటికేడు తగ్గుతోందని చదివాను. నెట్‌వర్క్ పరికరాల సంస్థ సిస్కో లెక్క ప్రకారం 2016లో ఆ పెరుగుదల 63 శాతం. టెలికాం పరికరాల సంస్థ ఎరిక్సన్ నివేదిక ప్రకారం 2025 తొలి త్రైమాసికానికి, అంతకు ముందటి ఏడాదితో పోలిస్తే, 19 శాతమే. అయినా మా అపార్ట్‌మెంట్‌లో రాత్రి తొమ్మిదింటికి సిగ్నల్ గీతలన్నీ నిండుగా ఉన్నా, మా అమ్మాయి ఆన్‌లైన్ పాఠం మాటిమాటికీ ఆగిపోతోంది. తెలిసినవారు కారణం వివరించగలరు.

జవాబు 1 (టెలికాం ఇంజినీరు):
శాతాన్ని కాక, అది దేని మీద లెక్కించిన శాతమో చూడాలండి. 2016 చివర ప్రపంచమంతా కలిపి నెలకు సుమారు 7.2 ఎక్సాబైట్లు వాడింది. ఒక ఎక్సాబైట్ అంటే వంద కోట్ల జీబీలు. ఆ ఏడాది 63 శాతం పెరిగిందంటే నెలవారీ వాడకానికి కొత్తగా చేరినది మూడు ఎక్సాబైట్ల లోపే. ఇప్పుడు నెల వాడకం 150 ఎక్సాబైట్లు దాటింది కనుక, రెండు సంస్థల లెక్కింపు పద్ధతులు వేరైనా, 19 శాతమంటే ఇరవైకి పైగా ఎక్సాబైట్లు అదనంగా చేరినట్టే. ఇందులో అత్యధిక భాగం వీడియోదే.

ఇక మీ ఇంటి సంగతి. గీతలు చూపేది టవర్ నుంచి అందే సిగ్నల్ బలాన్ని మాత్రమే. ఆ టవర్‌లో మీకు మిగిలిన చోటు ఎంతో అవి చెప్పవు. సాయంత్రం అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో రైలు వేళకే వస్తుంది, కాలు పెట్టే సందు మాత్రం ఉండదు. ఇక్కడా అంతే. ఒక సెల్ (టవర్ నుంచి సిగ్నల్ అందే ఒక ప్రాంతం) పరిధిలో ఉన్నవారందరూ ఒకే స్పెక్ట్రమ్‌ను, అంటే ఒకే రేడియో తరంగాల పట్టీని, పంచుకోవాలి కాబట్టి, రాత్రి అందరూ ఒకేసారి వీడియోలు పెట్టినప్పుడు ఒక్కొక్కరి వాటా సన్నబడుతుంది. నెట్‌వర్క్‌ను నెల మొత్తానికి కాదు, ఆ ఒక్క రద్దీ గంటకు సరిపడేలా కట్టాలి.

జవాబు 2 (మియాపూర్ నుంచి):
పై వివరణతో ఏకీభవిస్తూనే ఒక మాట కలుపుతాను. 2022 అక్టోబరులో మన దేశంలో 5జీ మొదలయ్యాక, దాని మీదే నడిచే ఇంటి ఇంటర్నెట్ కూడా వచ్చింది. ఒక ఇంట్లో టీవీ గంటల తరబడి ఆ సెల్ నుంచే వీడియో లాగుతుంది. పైగా 5జీ వాడే 3,300 మెగాహెర్ట్జ్ తరంగాలు కాంక్రీటు గోడలు దాటేసరికి బాగా బలహీనపడతాయి. అలా బలహీనంగా సిగ్నల్ అందే ఫోన్‌కు అంతే డేటా పంపడానికి టవర్ ఎక్కువ సమయం వెచ్చించాలి, ఆ నష్టం మిగతావారికీ తగులుతుంది. కొత్త టవర్లు దగ్గర దగ్గరగా నిలబెట్టడమే అసలు పరిష్కారమని నా నమ్మకం. అపార్ట్‌మెంట్ సంఘాలు దానికి చోటివ్వడానికి భయపడుతున్నాయి, అది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఈ వారం ఉదయం ఆరింటికీ రాత్రి తొమ్మిదింటికీ ఒకే గదిలో వేగం కొలిచి చూస్తాను. తేడా రాత్రిపూటే కనిపిస్తే పాఠానికి ఫైబర్ కనెక్షన్ తీసుకుని, టవర్ విషయాన్ని మా సంఘం సమావేశంలో ప్రస్తావిస్తాను.