‘వెధవాయి’ అన్న మాట, తెర మీది గిరీశం

కర్నూలు నుంచి అడుగుతున్నా. గురజాడ నాటకం ‘కన్యాశుల్కం’లో గిరీశం ‘మనవాళ్లు వొట్టి వెధవాయిలోయ్’ అంటాడు కదా, ఈ ‘వెధవాయి’ తిట్టా, ముద్దా? మొన్న ఇంట్లో పి. పుల్లయ్య తీసిన 1955 నాటి సినిమా మళ్లీ పెట్టుకున్నాం. ఎన్టీఆర్ గిరీశం ఎట్లున్నాడన్న దగ్గర గట్టిగానే వాదన జరిగింది. నాటకంలోని ఈ ఒక్క మాటతోనే ఆ వేషాన్ని తూచొచ్చని నేనంటా.

‘వెధవ’ పుట్టింది ‘విధవ’ నుంచే. మా తాత పోయేసరికి మా జేజిది చిన్న వయసు. ఇంట్లో ఎవరైనా పిల్లోళ్లను ఆ మాటతో తిడితే చేతిలో చేట అట్లనే పట్టుకుని వంటింట్లోంచి వచ్చేది. “ఇంకేమన్నా అను నాయనా, అది నన్నన్నట్టుంటాది” అనేది. అది చెవిలో ఉండిపోయినందుకేమో, గిరీశం మాట వినగానే నాకు నాటకంలోని చిన్న వయసు వితంతువు బుచ్చమ్మ గుర్తొస్తుంది. ఆ చిన్నపిల్ల ముందు వితంతు వివాహం గురించి లెక్చర్లు దంచే మనిషి నోట్లోనే ఆ తిట్టు అంత తేలిగ్గా ఆడుతోంది.

ప్రొద్దుటూరు నుంచి:
అన్నా, ‘అబ్బాయి’, ‘అమ్మాయి’లో ఉన్న ‘ఆయి’నే ఇక్కడా ఉందనుకుంటా. తిట్టుకు బెల్లం పూసినట్టు. చివర ‘ఓయ్’ కూడా చేరేసరికి శిష్యుడు వెంకటేశం భుజం మీద చెయ్యేసినట్టే ఉంటుంది. మనవైపు ‘వెధవాయి’ అనడం నేనైతే వినలేదు. ‘ఎదవ’ అంటారు, అందులో బెల్లం లేదు.

తాడిపత్రి నుంచి:
మా ఊళ్లో పుట్టిన రంగస్థల నటుడు బళ్లారి రాఘవ రాగాల సాగదీత కంటే భావానికే పెద్దపీట వేశారు. ఆ లెక్కన సినిమాలో వేశ్య మధురవాణిగా వేసిన సావిత్రికే నా మార్కులు. 1909 నాటి రెండో కూర్పులో గురజాడ ఆ పాత్రను బాగా పెంచారు, దాన్ని మోయడం మాటలు కాదు. ఎదుటి మగవాడు కోతలు కోస్తున్నంతసేపూ సావిత్రి వాణ్ని తూకం వేస్తున్నట్టు వింటుంది.

కర్నూలు నుంచి:
సావిత్రి విషయంలో ఒప్పుకుంటా అక్కా. ఎన్టీఆర్‌తో నా పేచీ ఏమిటంటే, ‘ఆయి’లోని ముద్దు ఆయనకు బాగా పట్టుబడింది, ‘వెధవ’లోని చులకన పలచబడింది. అంత అందగాడు నవ్వుతూ బుకాయిస్తుంటే ఎవరికైనా కోపం ఎట్లా వస్తుంది? గిరీశాన్ని చూసి నవ్వాలి, నవ్వినందుకు తర్వాత మన మీద మనకే ఒళ్లు మండాలి. నాకు ఆ మంట పుట్టలేదు.

మా ఆవిడ ఒప్పుకోలేదు. “వాడు మనకే నచ్చకపోతే బుచ్చమ్మ ఎందుకు నమ్ముతుంది?” అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆదివారం మళ్లీ పెట్టుకుంటున్నాం. ఈసారి గిరీశం మాట్లాడుతున్నప్పుడు వాణ్ని కాదు, వింటున్న బుచ్చమ్మను, అంటే షావుకారు జానకి ముఖాన్ని చూస్తా.